భాగం – 7: పెరటిలో పెద్దకాయ టమాట – కాయ పరిమాణాన్ని ఏది నిర్ణయిస్తుంది?

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 'పెద్దకాయ' అంటే ఏమిటి?
7.3 పూత నిలిచే రాత్రులు
7.4 హాలియాకు సరిపడే సాగు కాలం
7.5 విత్తనం, నారు
7.6 నేల, తొట్టి, నాటడం
7.7 నీరు, కాల్షియం, కాయ అడుగు కుళ్లు
7.8 ఊతం, పిలకలు, కాయల తగ్గింపు
7.9 ఆకుముడత
7.10 కోత, విత్తనం దాచుకోవడం
7.11 సారాంశం
7.12 కీలక పదాలు
7.13 మాదిరి పరీక్షా ప్రశ్నలు
7.14 ప్రగతి ప్రశ్నలకు సమాధానాలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• టమాట కాయ పెద్దది కావడానికి పువ్వు నిర్మాణంలో ఉన్న కారణాన్ని వివరించగలుగుతారు.
• రాత్రి ఉష్ణోగ్రతకూ పూత నిలవడానికీ గల సంబంధాన్ని చెప్పగలుగుతారు.
• మీ ఊరి వాతావరణాన్ని బట్టి విత్తే తేదీని వెనక నుండి లెక్కకట్టగలుగుతారు.
• కాయ అడుగు కుళ్లు, కాయ పగుళ్లు ఎందుకు వస్తాయో గుర్తించి నివారించగలుగుతారు.

7.1 పరిచయం

2023 జూలైలో కిలో టమాట ధర వంద రూపాయలు దాటిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో పెరట్లోనో డాబా మీదనో నాలుగు టమాట మొక్కలు పెంచుకోవాలని మీలో కొందరు అనుకునే ఉంటారు. విత్తనాల దుకాణంలో పొట్లం మీద అరచేయంత ఎర్రని కాయ బొమ్మ కనిపిస్తే చేయి దానిమీదికే పోతుంది. నా చేయి కూడా అలాగే పోయింది.

ఉద్యోగ విరమణ చేసి హాలియాలో ఉంటున్న కొత్తలో అటువంటి పొట్లం ఒకటి తెచ్చుకున్నాను. 'చలి పూర్తిగా తగ్గిన తరవాత విత్తండి' అని దానిమీద రాసి ఉంది. ఆ మాట ప్రకారం జనవరి చివర విత్తి, ఫిబ్రవరి చివర నాటాను. మార్చి నెలాఖరుకు మొక్కల నిండా పసుపు పూత. వారం తిరగకుండానే పూతంతా కాడతో సహా రాలి నేలమీద పడింది. పక్కింటి ఆవిడ గోడ మీదుగా చూసి, "సారూ, పూతంత రాలిపోతుంది, ఏదన్న మందు కొట్టరాదా?" అంది. నేను మందు కొట్టలేదు గాని అంతకన్నా తెలివితక్కువ పని చేశాను. యూరియా వేశాను. మొక్కలు నా భుజం ఎత్తు పెరిగాయి. ఆ వేసవిలో నాకు దక్కినవి కోడిగుడ్డంత కాయలు రెండు. వృక్షశాస్త్రంలో డాక్టరేటు ఉన్న మనిషికి ఇది చిన్న పాఠం కాదు.

పొట్లం మీది సూచన తప్పు కాదు. అది మంచు కురిసే దేశాల కోసం రాసిన సూచన. అక్కడ చలి పోయిన తరవాత టమాటకు మంచి కాలం మొదలవుతుంది. నల్లగొండ జిల్లాలో చలి పోయిన తరవాత మొదలయ్యేది నిప్పుల కాలం. పెద్దకాయ టమాట విషయంలో ఎరువు కన్నా, మందు కన్నా ముందు కాయ పరిమాణాన్ని నిర్ణయించేది విత్తిన తేదీ. ఈ భాగంలో మీరు నేర్చుకోబోయే ప్రధాన విషయం ఇదే.

7.2 'పెద్దకాయ' అంటే ఏమిటి?

ముందుగా ఒక చిన్న పని చేయండి. మార్కెట్లో దొరికే కోలగా, నున్నగా ఉండే హైబ్రిడ్ టమాట ఒకటి, చప్పిడిగా అంచున గాడులు ఉన్న నాటు టమాట ఒకటి తీసుకోండి. రెండింటినీ అడ్డంగా కోయండి. లోపల గింజలు, జిగురు ఉన్న గదులను లెక్కపెట్టండి. కోల టమాటలో సాధారణంగా రెండు లేదా మూడు గదులు ఉంటాయి. గాడుల టమాటలో అయిదో, ఆరో, అంతకన్నా ఎక్కువో కనిపిస్తాయి. వృక్షశాస్త్ర పరిభాషలో ఈ గదులను బిలాలు అంటారు. ఒక్కో బిలం అండాశయంలోని ఒక్కో ఫలదళం నుండి ఏర్పడుతుంది.

టమాట శాస్త్రీయ నామం సొలానమ్ లైకోపెర్సికమ్. వంకాయ, మిరప, బంగాళదుంపల మాదిరిగా ఇదీ సొలనేసి కుటుంబానికి చెందినదే. దీని అడవి బంధువులు దక్షిణ అమెరికా పశ్చిమ ప్రాంతంలో పెరుగుతాయి. వాటి కాయలు రేగుపండంత, లోపల రెండే గదులు. మనిషి తరతరాలుగా పెద్ద కాయల విత్తనాన్నే దాచుకుంటూ రావడంతో రెండు రకాల మార్పులు వచ్చాయి. ఒకటి, బిలాల సంఖ్య పెరిగింది. రెండు, కాయ గోడలోని కణాల సంఖ్య పెరిగింది. ఈ రెండో మార్పుకు సంబంధించిన ఎఫ్‌డబ్ల్యూ 2.2 అనే జన్యువును అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2000లో గుర్తించారు. ఆ ఒక్క జన్యువు వల్లనే కాయ బరువులో 30 శాతం దాకా తేడా రాగలదు.

కొన్ని పెద్దకాయ రకాల్లో మొదటి పువ్వును జాగ్రత్తగా చూస్తే ఆకర్షణ పత్రాలు అయిదారుకు బదులు పది దాకా ఉంటాయి. రెండు మూడు పువ్వులు అతుక్కుని ఒకటైనట్లు ఉంటుంది. 1986లో అమెరికాలోని ఓక్లహోమాలో గోర్డన్ గ్రాహం పండించిన కాయ 3.51 కిలోలు తూగి చాలా ఏళ్లు ప్రపంచ రికార్డుగా నిలిచింది. పోటీల కోసం పెంచేవారు ఇటువంటి అతుకు పువ్వులనే ఎంచుకుంటారు.

కాయ ఎంత పెద్దది కాగలదన్నది విత్తనంలోనే రాసి ఉంటుంది. చిన్నకాయ రకానికి ఎంత ఎరువు వేసినా అది పెద్దకాయ కాదు. విత్తనంలో రాసి ఉన్నదంతా కాయలోకి వస్తుందా, రాదా అన్నది మాత్రం వాతావరణం మీదా మన సాగు మీదా ఆధారపడుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
టమాట కాయ పెద్దది కావడానికి దోహదం చేసిన రెండు నిర్మాణాత్మక మార్పులు ఏవి?

7.3 పూత నిలిచే రాత్రులు

టమాట స్వపరాగ సంపర్కం జరుపుకునే మొక్క. పరాగకోశాలు ఒక గొట్టంలా కలిసి ఉంటాయి. కీలం ఆ గొట్టం లోపలే ఉంటుంది. గాలికి పువ్వు కదిలినప్పుడు పరాగం రాలి కీలాగ్రంపై పడుతుంది.

వేడి ఈ ఏర్పాటును రెండు చోట్ల దెబ్బతీస్తుంది. పువ్వు విచ్చడానికి ఒకటి రెండు వారాల ముందు, మొగ్గలో పరాగం తయారయ్యే దశలో రాత్రులు వేడిగా ఉంటే పరాగం శక్తి కోల్పోతుంది. పగటి వేడి మితిమీరితే కీలం పొడవు పెరిగి గొట్టం బయటికి వచ్చేస్తుంది. అప్పుడు పరాగం రాలినా కీలాగ్రంపై పడదు. ఫలదీకరణ జరగని పువ్వును మొక్క వదిలించుకుంటుంది. మనం చూసే 'పూత రాలడం' ఇదే. మొక్కకు ఇది రోగం కాదు కాబట్టి దీనికి మందు లేదు.

ఫ్రిట్స్ వెంట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కాలిఫోర్నియాలో ఉష్ణోగ్రతను అదుపులో ఉంచిన గదుల్లో టమాట పెంచి, 1944లో ఫలితాలు ప్రచురించాడు. రాత్రి ఉష్ణోగ్రత 15 నుండి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడే కాయలు సమృద్ధిగా నిలిచాయన్నది ఆయన చూపిన ముఖ్య విషయం. తరవాత వచ్చిన రకాల్లో కొన్ని ఇంతకన్నా ఎక్కువ వేడికి ఓర్చుకుంటాయి. పెద్దకాయ రకాలకు ఆ ఓర్పు సాధారణంగా తక్కువ. వాటి గుత్తిలో పువ్వులు కొద్దిగానే ఉంటాయి కాబట్టి ప్రతి పువ్వు నష్టమూ లెక్కకు వస్తుంది. అనేక బిలాల్లో కొన్నింటికే పరాగం అందితే కాయ ఒక పక్కకు వంకరపోతుంది.

ఇదే సూత్రం మన మార్కెట్లోనూ కనిపిస్తుంది. వేసవిలో మన సంతలకు వచ్చే టమాటలో ఎక్కువ భాగం మదనపల్లె వైపు నుండి వస్తుంది. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి రాత్రులు మన రాత్రుల కన్నా చల్లన. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని హాలియాకు నీటి వసతి ఉంది గాని ఆ చల్లని వేసవి రాత్రులు లేవు.

7.4 హాలియాకు సరిపడే సాగు కాలం

మన ప్రాంతంలో రాత్రులు 20 డిగ్రీల లోపుకు దిగేది సుమారుగా నవంబరు మధ్య నుండి ఫిబ్రవరి మొదటి వారాల దాకా. అంటే పూత ఆ కాలంలో రావాలి. ఇక్కడి నుండి వెనక్కి లెక్కించండి. నాటిన 35–40 రోజులకు పూత మొదలవుతుంది. నారు 25–30 రోజుల వయసులో నాటాలి. అంటే పూతకు సుమారు 60–70 రోజుల ముందు విత్తాలి. ఈ లెక్కను మన కార్తెలతో కలిపి చూస్తే ఇలా ఉంటుంది:

• పుబ్బ కార్తె (ఆగస్టు చివర – సెప్టెంబరు రెండో వారం): విత్తడం
• హస్త కార్తె (సెప్టెంబరు చివర – అక్టోబరు రెండో వారం): నాటడం
• నవంబరు రెండో వారం నుండి: పూత
• జనవరి, ఫిబ్రవరి: కోత. ఆలస్యంగా నిలిచిన కాయలు మార్చి దాకా వస్తాయి.

ఫిబ్రవరి రెండో వారం దాటాక వచ్చే పూతపై ఆశ పెట్టుకోవద్దు. మీరు వేరే ప్రాంతంలో ఉంటే ఈ తేదీలను యథాతథంగా తీసుకోకండి. మీ ఊళ్లో రాత్రులు ఎప్పుడు చల్లబడతాయో చూసి ఇదే పద్ధతిలో వెనక్కి లెక్కకట్టుకోండి.

డాబా మీద పెంచేవారికి ఒక హెచ్చరిక. పగలంతా ఎండకు కాగిన సిమెంటు రాత్రి ఆ వేడిని వదులుతుంది. పడమటి గోడకు ఆనించి తొట్లు పెడితే మొక్క చుట్టూ రాత్రి వేడి ఎక్కువగా ఉంటుంది. తొట్లను గోడకు దూరంగా, ఇటుకల మీద ఎత్తి పెట్టండి.

7.5 విత్తనం, నారు

ఇంటి అవసరానికి మీరు రెండు రకాల విత్తనం గురించి ఆలోచించాలి. బీఫ్‌స్టేక్ వర్గం రకాలు 300 నుండి 500 గ్రాముల కాయలు ఇవ్వగలవు. తెగుళ్లకు తట్టుకునే శక్తి వీటిలో చాలావాటికి తక్కువ. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క రక్షక్, అర్క సామ్రాట్ హైబ్రిడ్ల కాయలు సుమారు 90–110 గ్రాములు ఉంటాయి. ఇవి ఆకుముడత వైరస్‌నూ, బాక్టీరియా ఎండు తెగులునూ, ఆకుమాడు తెగులునూ తట్టుకుంటాయి.

నా సలహా ఇది. ఆరు మొక్కలకు చోటు ఉంటే నాలుగు ఇటువంటి హైబ్రిడ్లు, రెండు పెద్దకాయ రకం వేయండి. కూరకు కొరత ఉండదు, నేర్చుకునే అవకాశమూ ఉంటుంది. ఇంటి మొత్తం అవసరాన్ని పెద్దకాయ రకం మీదే పెట్టవద్దు.

ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపి ట్రేలలో గాని చిన్న కప్పులలో గాని నింపి, అర సెంటీమీటరు లోతున విత్తండి. పుబ్బ, ఉత్తర కార్తెల్లో వానలు ఉంటాయి కాబట్టి నారుకు పైన కప్పు ఉండాలి. అడుగున నీరు నిలిస్తే నారుకుళ్లు వస్తుంది. మొలక వచ్చిన రోజు నుండే సన్న కన్నుల నైలాన్ వల కప్పండి. కారణం 7.9లో తెలుసుకుంటారు.

7.6 నేల, తొట్టి, నాటడం

హాలియా చుట్టుపక్కల ఎర్ర చలకలూ ఉన్నాయి, నల్లరేగడులూ ఉన్నాయి. చలక నేలలో నీరు త్వరగా ఇంకిపోతుంది కాబట్టి పశువుల ఎరువు ఎక్కువ వేయాలి. రేగడిలో నీరు నిలుస్తుంది కాబట్టి అడుగు ఎత్తున మడి కట్టి దానిమీద నాటాలి. గత ఏడాది వంకాయ, మిరప, టమాట ఉన్న చోట మళ్లీ టమాట వేయకండి. అవన్నీ ఒకే కుటుంబానివి, వాటి నేల తెగుళ్లు చాలావరకు ఒకటే.

గుంతకు నాలుగైదు కిలోల చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేప పిండి వేసి మట్టితో కలపండి. మొక్కకూ మొక్కకూ మధ్య రెండున్నర అడుగుల దూరం ఉంచండి. తొట్టి అయితే 35–40 లీటర్ల మట్టి పట్టేది కావాలి. చిన్న తొట్టిలో మట్టి పూటపూటకూ ఎండి తడుస్తుంటుంది. పెద్దకాయకు అదే శత్రువు.

సాయంత్రం పూట నాటండి. కింది ఆకులు తుంచి, కాండంలో మూడో వంతు మట్టిలోకి పోయేలా లోతుగా పెట్టండి. టమాట కాండానికి మట్టి తగిలిన చోటల్లా అబ్బురపు వేళ్లు పుడతాయి.

7.7 నీరు, కాల్షియం, కాయ అడుగు కుళ్లు

పండిన టమాటలో దాదాపు 94 శాతం నీరే. 400 గ్రాముల కాయ అంటే 375 గ్రాములకు పైగా నీరు. పువ్వు విచ్చిన తరవాత మొదటి రెండు వారాల్లో కాయలో కణాల సంఖ్య చాలావరకు తేలిపోతుంది. ఆ తరవాత ఆ కణాలు నీటితో ఉబ్బడమే కాయ పెరుగుదల. మొదటి దశలో కొరత వస్తే తరవాత ఎంత నీరు పోసినా కాయ పూర్తి సైజుకు రాదు.

కాయ పిందెగా ఉన్నప్పుడు పువ్వు రాలిన కొస నల్లబడి, లోనికి కుంగి, తోలులా మారడం మీరు చూసే ఉంటారు. దీన్ని కాయ అడుగు కుళ్లు అంటారు. పేరులో కుళ్లు ఉన్నా ఇది సూక్ష్మజీవి వల్ల మొదలయ్యేది కాదు. కాయ కొసకు కాల్షియం అందకపోవడం దీనికి కారణం. కాల్షియం దారువులో నీటితో కలిసి ప్రయాణిస్తుంది. నీరు ఎటు ఎక్కువగా పోతే కాల్షియం కూడా అటే పోతుంది. బాష్పోత్సేకం ఆకుల్లో ఎక్కువ, కాయలో చాలా తక్కువ. నేల ఎండినప్పుడు ఉన్న కాస్త నీటినీ ఆకులే లాక్కుంటాయి, కాయ కొస ఖాళీగా మిగులుతుంది. నత్రజని ఎక్కువై ఆకు బాగా పెరిగితే ఈ పోటీ ఇంకా పెరుగుతుంది. నేను వేసిన యూరియా రెండు విధాలా తప్పెందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

అందుకే గుడ్డు పెంకులు చల్లడం వల్ల అప్పటికప్పుడు లాభం ఉండదు. మన నేలల్లో చాలాచోట్ల సున్నం ఉండనే ఉంది. లోపం దాన్ని మోసుకెళ్లే నీటి క్రమంలో ఉంది. పొద్దునే నీరు పెట్టండి. వేలు రెండు అంగుళాలు మట్టిలోకి దించి చూసి, పొడిగా తగిలితేనే పోయండి. చలికాలంలో తొట్టిలోని ఎదిగిన మొక్కకు సుమారు రెండు మూడు లీటర్లు పట్టవచ్చు. మొదట్లో రెండు మూడు అంగుళాల మందాన వరిగడ్డి పరవండి. వరి పండే మన ఊళ్లలో గడ్డికి కొదవ లేదు. ఆవిరి తగ్గుతుంది, వేరు చల్లగా ఉంటుంది. బోరు నీటి వల్ల తొట్టి అంచున తెల్లని పొర కడుతుంటే ఆ నీటిలో లవణాలు ఎక్కువని అర్థం. వీలైనప్పుడు వాన నీరు పట్టి వాడండి.

ఎండిన నేల ఒక్కసారిగా తడిస్తే కాయ లోపలి భాగం ఉబ్బుతుంది, తొక్క సాగలేక పగులుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు కురిసే అకాల వర్షాలకు ఇలా జరుగుతుంది. వాన వచ్చేలా ఉంటే రంగు తిరిగిన కాయలను ముందే కోసుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
నేలలో కాల్షియం తగినంత ఉన్నా కాయ అడుగు కుళ్లు ఎందుకు వస్తుంది?

7.8 ఊతం, పిలకలు, కాయల తగ్గింపు

పెద్దకాయ రకాల్లో చాలావాటికి తుదిలేని పెరుగుదల ఉంటుంది. కొస పెరుగుతూనే ఉంటుంది. ఆరడుగుల వెదురు కర్రను నాటిన రోజే పాతండి. తరవాత పాతితే వేళ్లు తెగుతాయి. పాత నూలు చీర పేలికలతో వదులుగా కట్టండి.

ఆకు కాండంతో కలిసే మూలలో పుట్టే పిలకలను వేలెడంత కాకముందే తుంచేసి, ఒకటి లేదా రెండు కాండాలనే ఉంచండి. ఆకులను మాత్రం ఎక్కువగా తీయవద్దు. మన ఎండకు నీడ లేని కాయ పైభాగం తెల్లగా కాలిపోతుంది. గుత్తికి రెండు మూడు పిందెలు ఉంచి, వంకరవి తీసేయండి. మొక్క తయారుచేసే ఆహారం పరిమితం. అది పది పిందెలకు పంచితే పది చిన్నకాయలు, మూడింటికి పంచితే మూడు పెద్దకాయలు. మొత్తం దిగుబడి మాత్రం పెరగదు, ఒక్కోసారి తగ్గుతుంది. పెద్దకాయ కావాలనుకుంటే ఈ ఖర్చు ఒప్పుకోవాలి.

గాలి లేని రోజుల్లో ఉదయం తొమ్మిది పది గంటల మధ్య పూగుత్తి వెనక కాండాన్ని వేలితో మెల్లగా తట్టండి. పరాగం రాలడానికి అది సాయం చేస్తుంది.

7.9 ఆకుముడత

ఆకులు పైకి ముడుచుకుని, చిన్నవై, పసుపుబారి, మొక్క గిడసబారితే అది ఆకుముడత వైరస్. దీన్ని మోసేది తెల్లదోమ. మన జిల్లాలో విస్తారంగా వేసే పత్తి మీద కూడా ఈ తెల్లదోమ బతుకుతుంది. చేను పక్కన ఉన్న పెరటికి అది రావడం ఖాయం. లేత వయసులో సోకితే కాయ దక్కదు. వైరస్ సోకిన మొక్కకు చికిత్స లేదు. పీకి సంచిలో వేసి పారేయండి. నారుకు వల కప్పమన్నది ఇందుకే.

నాటిన తరవాత పసుపు రంగు జిగురు అట్టలు మొక్కల ఎత్తున కట్టండి. 50 గ్రాముల వేప గింజల పొడిని లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బు కలిపి వారానికోసారి సాయంత్రం ఆకుల అడుగున తగిలేలా పిచికారీ చేయండి.

7.10 కోత, విత్తనం దాచుకోవడం

కాయ కొసన లేత గులాబీ రంగు తిరగగానే కోయవచ్చు. అప్పటినుండి కాయ ఇంట్లో నీడలో పండినా రుచి పెద్దగా తగ్గదు. చిలుకలు, ఉడతలు, పగుళ్ల బెడదా తప్పుతుంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు మించినప్పుడు ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా ఏర్పడదు. మార్చి కాయలు నారింజ రంగులో ఆగిపోవడానికి కారణం ఇదే. ఫ్రిజ్‌లో పెడితే వాసన, రుచి తగ్గుతాయి.

మీ రకం హైబ్రిడ్ కాకపోతే విత్తనం దాచుకోవచ్చు. స్వపరాగ సంపర్కం వల్ల గుణం చాలావరకు నిలుస్తుంది. మొక్క ఆరోగ్యంగా ఉండి, కాయ నున్నగా పెద్దగా ఉన్నదాన్నే ఎంచుకోండి. గింజలను జిగురుతో సహా గాజు గ్లాసులో రెండు రోజులు పులియనిచ్చి, కడిగి, నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లంలో కట్టి తేదీ రాయండి. ఆ పొట్లం మీద 'పుబ్బలో విత్తాలి' అని కూడా రాయండి. మీ ఊరి కోసం రాసిన మొదటి పొట్లం అదే అవుతుంది.

7.11 సారాంశం

కాయ ఎంత పెద్దది కాగలదన్నది బిలాల సంఖ్య, కణాల సంఖ్య నిర్ణయిస్తాయి. అది విత్తన లక్షణం. పూత నిలవాలంటే 15–20 డిగ్రీల రాత్రులు కావాలి. హాలియా ప్రాంతంలో అవి నవంబరు మధ్య నుండి ఫిబ్రవరి మొదటి వారాల దాకా ఉంటాయి కాబట్టి పుబ్బలో విత్తి హస్తలో నాటాలి. క్రమం తప్పని తడి కాయ అడుగు కుళ్లునూ పగుళ్లనూ నివారిస్తుంది. పిలకలు, పిందెలు తగ్గిస్తే కాయ సైజు పెరుగుతుంది, సంఖ్య తగ్గుతుంది. మూడేళ్లుగా నేను ఈ లెక్కనే పాటిస్తున్నాను. పక్కింటి ఆవిడ ఇప్పుడు మందు సంగతి అడగడం లేదు, నారు అడుగుతోంది.

7.12 కీలక పదాలు

బిలం: అండాశయంలో గింజలు ఉండే గది.
బాష్పోత్సేకం: మొక్క భాగాల నుండి నీరు ఆవిరిగా వెలుపలికి పోవడం.
దారువు: వేళ్ల నుండి నీటినీ ఖనిజ లవణాలనూ పైకి చేరవేసే కణజాలం.
స్వపరాగ సంపర్కం: ఒక పువ్వు పరాగం అదే పువ్వు కీలాగ్రంపై పడటం.

7.13 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. మీ ఊరి వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకుని పెద్దకాయ టమాట సాగు కాలాన్ని లెక్కకట్టి, కారణాలతో వివరించండి.
2. కాయ పరిమాణంపై నీటి యాజమాన్యం ప్రభావాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. వేసవిలో టమాట పూత రాలడానికి కారణాలు తెలపండి.
2. తెల్లదోమ నివారణకు ఇంటి తోటలో తీసుకోవలసిన చర్యలు రాయండి.

7.14 ప్రగతి ప్రశ్నలకు సమాధానాలు

1. బిలాల సంఖ్య పెరగడం. కాయ గోడలో కణాల సంఖ్య పెరగడం.
2. కాల్షియం నీటితో కలిసి దారువు ద్వారా ప్రయాణిస్తుంది. నేల ఎండినప్పుడు బాష్పోత్సేకం ఎక్కువగా ఉన్న ఆకులు ఆ నీటిని లాక్కోవడం వల్ల కాయ కొసకు కాల్షియం అందదు.